2019 హంగరీ ఫార్ములా వన్ రేస్‌లో రెడ్ బుల్ టీమ్ ఇంకేం చేయగలిగేది?

స్ట్రాటజీ బాగా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్, నిన్న రాత్రి ఆ రేస్ మళ్ళీ చూశా, అప్పట్నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. అప్పటి మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్, రెడ్ బుల్ డ్రైవర్ మ్యాక్స్ వెర్స్టాపెన్ వెనకే అంటుకుని తిరిగి, 48వ ల్యాప్‌లో సడన్‌గా రెండోసారి పిట్‌కి వెళ్ళి కొత్త మీడియమ్ టైర్లు వేసుకున్నాడు, దాదాపు 20 సెకన్లు వెనకబడి కూడా 67వ ల్యాప్‌లో దాటేశాడు కదా. మ్యాక్స్ ఏమో 25వ ల్యాప్‌లో వేసుకున్న హార్డ్ టైర్ల మీదే లాగుతున్నాడు, టైర్లు అయిపోయాయని రేడియోలో చెప్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

వెంటనే తర్వాతి ల్యాప్‌లో మ్యాక్స్‌ని కూడా పిలిస్తే అండర్‌కట్ (ముందే పిట్‌కెళ్ళినవాడు కొత్త టైర్ల స్పీడ్‌తో ముందుకెళ్ళిపోవడం) వల్ల ఎలాగూ వెనకే వచ్చేవాడా? హంగరోరింగ్ ట్రాక్‌లో ఓవర్‌టేక్ కష్టం కాబట్టే పొజిషన్ వదల్లేదా? అసలు పాత టైర్లు ఇంకెన్ని ల్యాప్‌లు ఆగుతాయో పిట్ వాల్ మీద (ట్రాక్ పక్కన టీమ్ స్ట్రాటజీ వాళ్ళు కూర్చునే చోట) ఎలా లెక్కేస్తారు?