‘ఫారెన్‌హీట్ 451’లో అసలు మలుపు ఏది?

ప్రశ్న (వడపళని, చెన్నై)

మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్లం కొందరం ఆదివారం సాయంత్రాలు మేడ మీద చేరి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ వంతు. 1953లో వచ్చింది. మంటలు ఆర్పవలసిన ఫైర్‌మెన్ అందులో పుస్తకాలు దొరికిన ఇళ్లను తగలబెడుతుంటారు. వాళ్లలో ఒకడైన మోంటాగ్ కథ ఎక్కడ మలుపు తిరిగిందో, ఒకే ఒక్క ఘట్టం ఎంచుకుని సమర్థించాలి. పుస్తకాలను వదిలి రానంటూ ముసలావిడ తానే అగ్గిపుల్ల గీసిన ఘట్టం చెబుదామనుకున్నాను. పొరుగింటి అమ్మాయి క్లారిస్ అతన్ని సంతోషంగా ఉన్నావా అని అడిగిన క్షణమే అంటున్నారు ఎదురింటి వదినగారు. దానికి నా మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

జవాబు (ఎగ్మూరు)

కన్నెమెరా లైబ్రరీలో కూర్చుని చదివిన నవల ఇది. ఆ రెండు ఘట్టాలూ నాకు ప్రాణం. అయినా రెండూ కాదంటాను. మొదటి పేజీలు మళ్లీ తీయండి. క్లారిస్‌ను కలిసి ఇంటికొచ్చిన మోంటాగ్ హాల్లో వెంటిలేటర్ జాలీ వైపు తలెత్తి చూసి, చటుక్కున చూపు తిప్పుకుంటాడు. దాని వెనక దాచినవి పుస్తకాలని మనకు చాలాసేపటికి గాని తెలియదు. అంటే ముసలావిడ గడప తొక్కేనాటికే అతను పుస్తకాలు దాచుకుంటున్న మనిషి!

నా దృష్టిలో మలుపు రెండో భాగంలో ఉంది. భార్య మిల్డ్రెడ్ స్నేహితురాళ్లు వస్తారు. మూడు గోడల నిండా టీవీ తెరలు. మోంటాగ్ వాటిని ఆపేసి మాథ్యూ ఆర్నాల్డ్ కవిత ‘డోవర్ బీచ్’ పైకి చదువుతాడు. చెవిలోని చిన్న యంత్రంలోంచి, అతనికి రహస్యంగా తోడున్న ముసలి ప్రొఫెసర్ ఫేబర్ వద్దు వద్దని మొత్తుకుంటూనే ఉంటాడు. భర్త యుద్ధానికి వెళ్లినా తనకు బెంగ లేదని అంతకుముందే చెప్పిన మిసెస్ ఫెల్ప్స్, కవిత పూర్తయ్యేసరికి ఆపుకోలేక వెక్కివెక్కి ఏడుస్తుంది. మిసెస్ బౌల్స్ మండిపడుతుంది. ఎన్నిసార్లు చదివినా ఇక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఫిర్యాదులు వెళ్లింది ఆ తర్వాతే: ముందు స్నేహితురాళ్లు, ఆపైన కట్టుకున్న భార్య.

జవాబు (పెరంబూరు)

ముసలావిడను అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. ఆ మర్నాడు మోంటాగ్ డ్యూటీకి వెళ్లలేక మంచం పట్టాడు. ప్రతి పుస్తకం వెనక ఒక మనిషి ఉన్నాడని మొదటిసారి తెలిసిందని భార్యతో అన్నదీ అప్పుడే. పైగా అతని మీద ఫైర్‌మెన్ పై అధికారి కెప్టెన్ బీటీకి అప్పటికే అనుమానం ఉంది. లేకపోతే ఇంటికి వచ్చి, పుస్తకం దాచిన ఫైర్‌మన్‌కు 24 గంటలు గడువిస్తామని ఎందుకు చెబుతాడు?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఆ 24 గంటల మాటతోనే నాకు దారి దొరికింది. గడువు ఇచ్చారంటే వెనక్కి వెళ్లే అవకాశం ఇంకా ఉందన్నమాట. కవిత చదివిన రాత్రే మోంటాగ్ ఒక పుస్తకం తీసుకెళ్లి బీటీ చేతిలో పెడతాడు. బీటీ పేరైనా చూడకుండా దాన్ని చెత్తబుట్టలో పడేస్తాడు. కాసేపటికి ఫైరింజన్ వెళ్లి ఆగింది మోంటాగ్ ఇంటి ముందే. పుస్తకం అప్పగించినా ఇల్లు దక్కలేదు, ఎందుకంటే కవిత అప్పటికే నలుగురి చెవిన పడింది. ముసలావిడ అతని మనసును మార్చింది, నిజమే. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది మాత్రం ఆ హాల్లోనే. ఆదివారం ‘డోవర్ బీచ్’ ఘట్టం గురించే మాట్లాడతాను.