సమస్య: తన్నుఁ దాను దోచి ధనికుఁ డయ్యె

సంచాలకులు: ఈ వారం సమస్య మా ఇంట్లోనే పుట్టింది. మా బావగారు పోస్టాఫీసులో పదిహేడు ఆర్.డి. (నెలనెలా కట్టే ఐదేళ్ళ పొదుపు) ఖాతాలు నడుపుతున్నారు. అవసరం ఉండి కాదు, కొందరు తపాలా బిళ్ళలు పోగుచేసినట్టు ఆయనకు అదొక సరదా. ప్రతి పాసుపుస్తకం అట్ట మీదా ఒక పేరు రాసి ఉంటుంది: సంక్రాంతి అల్లుళ్ళు, ఇంటి సున్నం, 2027 పుష్కరాలు. మొన్న తాపేశ్వరంలో కాజాలు కొనబోయి, జేబులో వంద కూడా లేక నా వైపు చూసి, “నన్ను నేనే దోచుకున్నాను బావా” అన్నారు. ఆ మాట గణాల్లో ఒదిగింది కనుక పద్యానికి చివరి పాదంగా మీ ముందు పెడుతున్నాను.

అమలాపురం మాస్టారు: ముందుగా వచ్చినందుకు మన్నించండి.

నెలకు మొదటినాఁడె నేర్పుగాఁ దన జేబు
కత్తిరించి వేసె ఖాతలోన;
అరువది నెల లంత నసలుతో వడ్డి రా
తన్నుఁ దాను దోచి ధనికుఁ డయ్యె.

లంక రైతు: మాస్టారి పద్యంలో జేబుదొంగ, జేబు యజమాని ఒక్కరే కావడం ముచ్చటగా ఉంది. అయితే కిందటిసారి నేను గణం కోసం “పాసుబుకు” అని ఒక్క అక్షరం తేల్చినప్పుడు, అన్యదేశ్యమైనా సరే అంగవైకల్యం కూడదని మూడు పేరాల హితబోధ చేసిన మాస్టారు ఈనాడు “ఖాతా”ను “ఖాత”గా కుదించడం చూసి, ఆ హితబోధను వెతికి మళ్ళీ చదువుకున్నాను. ఇక నా పూరణ.

నెలకు నొకటి తెఱచి నిలిపెను ఖాతాలు
నారికేళ తరువు నాటినట్లు;
ఐదు వత్సరాల కందెను గెలలన్ని
తన్నుఁ దాను దోచి ధనికుఁ డయ్యె.

పాలకొల్లు పిన్నిగారు: రైతుగారి ఉపమానం ఈ పుటకే వన్నె. కొబ్బరిచెట్టు నెలకొక గెల వేస్తుందని కోనసీమలో పసిపిల్లలకు కూడా తెలుసు, కానీ ఆర్.డి.లను అలా వరసగా నాటవచ్చునని నాకు ఇంతవరకూ తోచలేదు. మాస్టారి మూడవ పాదంలో మాత్రం “రా” అనేది ద్రుతాంతం (చివర “న్” ఉన్న మాట) కాబట్టి, దాని మీది తకారం సరళం, అంటే దకారం, కావలసిందే. అప్పుడు “దన్నుఁ దాను” అవుతుంది, ఇచ్చిన సమస్యే మారిపోతుంది. “నసలు వడ్డినిఁ బొంది” అంటే ఆ చిక్కు ఉండదు. నా పూరణలో “దోచి” అన్నది గసడదవాదేశం వల్ల త కాస్తా ద అయిన “తోచి”, అంటే మనసుకు తట్టి. దొంగతనం ఊసే లేదు.

ఎవరు చెప్పలేదు; హెచ్చు రాబడి లేదు;
చిన్న మదుపు దారి చిత్తమందు
మెఱసినంత నతఁడు మితముగా వెచ్చించి
తన్నుఁ దాను దోచి ధనికుఁ డయ్యె.

అమలాపురం మాస్టారు: పిన్నిగారి సవరణను శిరసావహిస్తున్నాను. కానీ వారి విరుపు వ్యాకరణం ముందు నిలవదు. తోచు ధాతువుకు “తనకు” కావాలి, “తన్నుఁ దోచె” అని ఎవరూ అనరు. పైగా క్త్వార్థానికి (“తోచి” వంటి అసమాపక క్రియకు), ప్రధాన క్రియకు కర్త ఒక్కటే ఉండాలి గదా, ఇక్కడ తోచినది ఆలోచన, ధనికుడైనది మనిషి. ఇక రైతుగారు ఐదేళ్ళకే గెలలు దించుకున్నారు. మన దేశవాళీ పొడుగు చెట్టు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, కాబట్టి వారు పద్యంలో నాటినది ఏ పొట్టి రకమో సెలవిస్తే మేమూ నాటుకుంటాము.

భీమవరం గుమస్తా: నేను పద్యం రాయలేను, లెక్క మాత్రం చూడగలను. రైతుగారి పద్యంలో తప్పు చెట్టు రకం కాదు, “గెలలన్ని” అన్న మాట. నెలకొక ఖాతా తెరిచినవాడికి అన్నీ ఒక్కసారి పండవు. 6.7 శాతం వడ్డీ, మూడు నెలలకొకసారి చక్రవడ్డీ లెక్కన నెలకు వంద కడితే, ఐదేళ్ళలో కట్టిన 6,000 కాస్తా సుమారు 7,136 అవుతుంది. ఇలా అరవై నెలలు నెలకొక ఖాతా తెరుస్తూ పోయిన మనిషి చివరకు అరవై ఖాతాలకు కలిపి నెలకు 6,000 కట్టాలి. ఆ సరికి ప్రతి నెలా ఒక ఖాతా పండి 7,136 చేతికిస్తుంది. పండిన దాని స్థానంలో కొత్తది నాటుతూ పోతే తోట తన నీళ్ళు తానే తోడుకుంటుంది, పైగా 1,136 మిగులుతుంది. సమస్యలోని “ధనికుఁ డయ్యె” నిజమయ్యేది ఆ నెల నుంచే, కాబట్టి “అన్ని” అనడంతో పద్యంలోని అసలు చమత్కారమే పోయింది.

లంక రైతు: గుమస్తాగారూ, మీరు చెప్పాక నా పద్యం నాకే పూర్తిగా అర్థమైంది. “కందెను నెలకొండు” అని దిద్దుకుంటున్నాను. గణమూ చెడలేదు, యతీ చెడలేదు. చెట్టు పొట్టిదేనని మాస్టారికి మనవి. “నెలకు మొదటినాఁడె” దోచుకోవడం జీతగాళ్ళకు కుదురుతుంది గానీ, సార్వాకో దాళ్వాకో డబ్బు చూసే మాలాంటి వాళ్ళకు కాదు. నేను ధాన్యం అమ్మినప్పుడు ఆరు వాయిదాలు ఒక్కసారే కట్టేస్తాను, నెలకు వంద కట్టే ఖాతాకు పది రూపాయల రిబేటు వస్తుంది. పన్నెండు కడితే నలభై. దొంగ ఏడాదికి రెండుసార్లే వస్తాడని ఎవరైనా పద్యం కడితే చదవాలని ఉంది.

సంచాలకులు: మొదటినాడే కట్టనక్కరలేదు కూడా. పదిహేనవ తేదీలోపు తెరిచిన ఖాతాకు ప్రతి నెలా పదిహేనులోపు, ఆ తరువాత తెరిచినదానికి నెలాఖరులోపు కడితే చాలు. మా బావగారు పాసుపుస్తకాలను ఆ ప్రకారమే రెండు సంచుల్లో పెట్టుకుంటారు. ఒకసారి నెలాఖరు సంచి అటక మీద ఉండిపోయి, వందకు నెలకు రూపాయి చొప్పున అపరాధం కట్టవలసి వచ్చింది. ఆ చిల్లర కంటే వరస చెడినందుకే ఆయన ఎక్కువ బాధపడ్డారు. 2022లో తెరిచిన పుష్కరాల ఖాతాకు 5.8 శాతమే వస్తున్నదని, దాన్ని మూసి కొత్తది తెరవమని నేను సలహా ఇచ్చాను. మూడేళ్ళు దాటితే మూయనిస్తారు గానీ పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారని, నాలుగు శాతానికి పుష్కరస్నానం చేయనని కొట్టిపారేశారు.

పాలకొల్లు పిన్నిగారు: మాస్టారి వ్యాకరణానికి నేను లొంగిపోయాను. కానీ ఆ “ఖాత” సంగతి వారు దాటవేశారని అందరూ గమనించాలి.

అమలాపురం మాస్టారు: దాటవేయలేదమ్మా, దిద్దుతున్నాను.

కత్తిరించి కట్టెఁ గంతుగాను

ఖాతా ఊసే ఉండదు, కంతు అచ్చమైన మన మాట. రైతుగారి “పాసుబుకు”ను కూడా ఈ సందర్భంగా క్షమించాను.

లంక రైతు: క్షమాపణ స్వీకరించాను మాస్టారూ. అరసున్న మాత్రం చెరిగిపోకుండా చూసుకోండి; అది లేకపోతే మీ పొదుపరి జేబు కత్తిరించి గంతులు వేశాడని చదువుతారు.