రెండు బడులు కలుపుతారట, తీర్మానంలో ఏం రాయాలి?

గెడ్డ ఒడ్డు:
మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర. మా తెలుగు బడిలో 17 మంది. గెడ్డ (వాగు) అవతల ఒడియా బడిలో 24 మంది. రెండూ కలిపి అవతలే నడుపుతారట. స్కూలు కమిటీ తీర్మానం శుక్రవారం లోగా ఇమ్మన్నారు. నేను చైర్మన్ని, చదివింది ఏడో తరగతి. దూరం గెడ్డలోంచి కొలుస్తారా, కల్వర్టు మీదుగా కొలుస్తారా? మా వంటామె పని ఉంటుందా? తెలుగు వాచకం ఎవరు చెప్తారు? దాచడమెందుకు, 17లో ఇద్దరు ప్రైవేటు బడి బస్సు ఎక్కుతున్నారు. పేర్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

చాక్‌పీసు:
అంటే 15 మందే కదండీ. ఒక్క టీచరున్న బడిలో ఆరేళ్ళు చేశాను, ఆ బాధ నాకు తెలుసు. మీటింగుంటే బడికి తాళం. రెండో తరగతికి కూడికలిచ్చి ఇటు తిరిగేసరికి నాలుగో తరగతి వాడు బోర్డు మీద నా బొమ్మ గీస్తున్నాడు, కళ్ళజోడుతో సహా. కలిస్తే ఇద్దరు టీచర్లుంటారు. కలపనివ్వండి.

బస్సు నాన్న:
ఆ ఇద్దరి పేర్లు తండ్రులు ఉంచలేదండీ, టీచర్లు ఉంచారు. మా ఊళ్ళోనూ ఇదే కథ. పేరు తీస్తే బడి పోతుందని ఇంటికొచ్చి బతిమాలారు. ఇప్పుడు మమ్మల్ని దొంగల్ని చేస్తారా?

చాక్‌పీసు:
బతిమాలింది నిజమే అనుకుందాం. పిల్లాణ్ణి బస్సెక్కించింది ఎవరు?

బస్సు నాన్న:
మాస్టారి బొమ్మ గీసే బడికి పంపమంటారా?

ఉల్లిపాయ:
ఇవన్నీ సరే, గుడ్డు రోజున ఆ ఇద్దరి గుడ్లు ఎవరు తింటున్నారు?

గెడ్డ ఒడ్డు:
అన్నా, నేనడిగింది గుడ్ల గురించి కాదు.

పాత మాస్టారు:
ఈ జిల్లాలో 31 ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నా మాట వినండి. కిలోమీటర్ల లెక్కలో పడకండి. విద్యా హక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో 1 నుంచి 5 తరగతులకు నడిచే దూరం 1 కిలోమీటరు. దాని కిందే ఇంకో మాట ఉంది, ఎవరూ చదవరు: వరదలు, కొండచరియలు, దారి లేకపోవడం, చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలి. గెడ్డ అని పెద్ద అక్షరాలతో రాయండి. ఇక తెలుగు అంటారా, రాజ్యాంగంలో 350ఎ ఉంది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమంటుంది. 1949లో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశం కూడా తరగతిలో 10 మంది గానీ, బడిలో 40 మంది గానీ ఉంటే మాతృభాషలో చెప్పాలని తీర్మానించింది. రెండూ కలిస్తే 41 మంది. అడిగి తీసుకోండి!

ఉల్లిపాయ:
మాస్టారూ, ఆ ఇద్దరి పేర్లూ తీస్తే 39. మీ 40 గెడ్డలో కొట్టుకుపోయింది.

చాక్‌పీసు:
అసలు 40 అంటే తెలుగు పిల్లలు 40 మంది. ఒడియా పిల్లల్ని కూడా కలిపి లెక్కేస్తే ఎలా?

పాత మాస్టారు:
నాకు లెక్కలు నేర్పే వయసా మీది?

చాక్‌పీసు:
వయసు సంగతి కాదండీ, 10 గానీ 40 గానీ ఆ భాష పిల్లలే కావాలి. ఆ తీర్మానం అడ్డం పెట్టుకుంటే ఆఫీసులో వాళ్ళే మీకు 17 చూపిస్తారు.

పాత మాస్టారు:
సరే, 350ఎలో అంకె లేదు. దాన్ని పట్టుకోండి.

పాతపట్నం మేనమామ:
మా ఆంధ్రలో 2022లో 117 జీవో తెచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళకు తరలించారు. 2025లో జీవో వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్యలో ప్రైవేటుకి వెళ్ళిన మా మేనల్లుడు మాత్రం వెనక్కి రాలేదు. ఫీజు కట్టేది నేను.

పాత మాస్టారు:
ఒడిశాలోనూ అయిందది. 20 మంది లోపున్న బడుల్ని కలపమని 2020 మార్చిలో ఉత్తర్వు ఇస్తే 2021లో హైకోర్టు కొట్టేసింది.

బరంపురం కోడలు:
మా పుట్టింటి ఊళ్ళో రెండు బడులూ ఒకే ప్రహరీలో ఉండేవి. కలిపేశారు. పిల్లలకు ఆట స్థలం పెరిగింది, టీచరు సెలవు పెట్టినా బడి నడుస్తోంది, అది అబద్ధం కాదు. మొన్న మా తమ్ముడి కొడుకుని కొట్టుకు పంపుతూ చీటీ రాయమన్నాను. ఉప్పు, చింతపండు, పచ్చిమిరప, అన్నీ తెలుగు మాటలే, ఒడియా అక్షరాల్లో రాశాడు. కొట్టతను చకచకా చదివి తూచి ఇచ్చేశాడు. చీటీ నేను చదవలేకపోయాను.

సిరొంచ శీను:
మీకు అక్షరాలైనా చూడ్డానికి మనవాటిలా గుండ్రంగా ఉంటాయి అక్కా. మా గడ్చిరోలిలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. 2023లో 20 మంది లోపు బడుల్ని కలిపి సమూహ శాళలు పెడతామన్నారు, పిల్లలకు బస్సు కూడా అన్నారు. మా ఆవిడ నవ్వింది. ముందు రోడ్డు వెయ్యమని చెప్పు, బస్సు మనమే కొనుక్కుందాం అంది.

బస్సు నాన్న:
నా బస్సు గురించి ఇంకెవరికైనా మాటుందా?

ఉల్లిపాయ:
గుడ్లు.

కట్టెల పొయ్యి:
వంటామె గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. 25 మంది వరకు ఒకరు, 26 నుంచి 100 వరకు ఇద్దరు. ఇప్పుడు రెండు బడుల్లో ఒక్కొక్కరున్నారు. కలిపాక 41 అయినా 39 అయినా ఇద్దరుండాలి. ఇద్దరు వంటామెల పేర్లూ తీర్మానంలో రాయించండి, లేకపోతే అవతలి ఊరివాళ్ళు మనిషిని మార్చేస్తారు. నేను అలాగే పోగొట్టుకున్నాను.

గెడ్డ ఒడ్డు:
ఈ ఒక్క మాట కోసమే రెండు రోజులు చూశానమ్మా. నిన్న బండి మీద కొలిచాను. కల్వర్టు మీదుగా 2.7 కిలోమీటర్లు. గెడ్డలోంచి అయితే కిలోమీటరు లోపే, కానీ జూలైలో నా నడుం దాకా వస్తుంది నీళ్ళు, రెండో తరగతి పిల్లలకు మెడ దాకా. ఇలా రాశాం: వంతెన వేసేదాకా 1, 2 తరగతులు మా ఊళ్ళోనే ఉండాలి, తెలుగు చెప్పే టీచరుండాలి, ఇద్దరు వంటామెలూ ఉండాలి. బస్సెక్కే ఆ ఇద్దరు పిల్లల పేర్లూ తీసేశాం. వాళ్ళ తండ్రులే వచ్చి సంతకం పెట్టారు.

కట్టెల పొయ్యి:
నకలు తీసుకున్నారా? ఆఫీసులో ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మాది అందలేదన్నారు.

గెడ్డ ఒడ్డు:
జిరాక్సు కాశీనగర్‌లోనే ఉంది. రేపు బేగి వెళ్తాను.