ఇసుక బరువు పెరుగుతోంది, ఉప్పు తగ్గుతోంది: తేడా ఎక్కడ?

ప్రశ్న:
ఇసుక 5 గ్రాములు, ఉప్పు 5, ఇనుప రజను 2 కలిపిన మిశ్రమం. అయస్కాంతంతో రజను తీసి, మిగిలినదాన్ని 20 మి.లీ. వేడినీళ్లలో కలిపి వడపోసి, దిగిన నీటిని పింగాణీ గిన్నెలో ఇగర్చాను. చివరికి రజను 2.1, ఇసుక 5.6, ఉప్పు 4.1 తేలాయి. అన్నీ బాగా ఆరాకే తూచాను, వడపోత కాగితం బరువూ తీసేశాను. ఎందుకిలా?

జవాబు 1:
ఇసుకను కడిగినట్టు లేరు. 20 మి.లీ.లో 5 గ్రాముల ఉప్పంటే మి.లీ.కి పావు గ్రాము. తడి ఇసుక, కాగితం కలిసి 2 మి.లీ. పట్టేసుకున్నా, ఆరాక అర గ్రాము ఉప్పు ఇసుకలోనే ఉండిపోతుంది.

గరాటులో నీళ్లు పూర్తిగా దిగాక 5 మి.లీ. వేడినీళ్లు పోయండి. అవీ దిగాక ఇంకో 5, ఆపైన మరో 5. అదే 15 మి.లీ. ఒక్కసారే పోస్తే లెక్క ప్రకారం 0.06 గ్రాము మిగులుతుంది, మూడు విడతల్లో అయితే 0.01. కడిగిన నీళ్లు కూడా గిన్నెలోకే వెళ్లాలి.

ఆఖరి చుక్కను వాచ్‌గ్లాస్ (లోతు తక్కువ గాజు పళ్లెం) మీద పట్టి సిల్వర్ నైట్రేట్ వేయండి. ఉప్పులోని క్లోరైడ్ వల్ల తెల్లగా మసకబారితే ఉప్పు ఇంకా వస్తున్నట్టే. డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి, కొళాయి నీళ్లలోని క్లోరైడ్ కూడా అలాగే తెల్లబడుతుంది.

జవాబు 2:
మూడూ కూడితే 11.8, మొదట కలిపింది 12. తగ్గిన ఆ 0.2 గిన్నెలోంచి చిట్లి ఎగిరిపోయి ఉంటుంది. ఉప్పు గట్టిపడే దశలో స్ఫటికాల్లో చిక్కిన నీరు ఆవిరై వాటిని పగలగొడుతుంది. అంచున తెల్లటి పొర కనబడగానే మంట తీసేసి, గిన్నెను మరుగుతున్న నీళ్ల బీకరు మీద పెట్టండి. ఆలస్యమైనా చిట్లదు.

రజనులో ఎక్కువైన 0.1 దాని గుత్తుల్లో ఇరుక్కున్న ఇసుక, ఉప్పు పొడి. అయస్కాంతానికి కాగితం చుట్టి, తీసిన రజనును మరో కాగితం మీద రాల్చి పల్చగా పరిచి మళ్లీ ఎత్తాలి. అదీ నీళ్లు కలపకముందే. ఉప్పునీటిలో ఇనుము త్వరగా తుప్పుపడుతుంది.

ప్రశ్న:
ఇందులో అమ్మోనియం క్లోరైడ్ కూడా ఉంటే?

జవాబు 3:
రజను తీశాక, నీళ్లు పోయకముందు దాన్ని వేరుచేయాలి. అదీ నీళ్లలో కరుగుతుంది, కాబట్టి తర్వాత ఉప్పుతో కలిసిపోతుంది. పొడి మిశ్రమాన్ని పింగాణీ గిన్నెలో వేసి, పైన గరాటు బోర్లించి, దాని కాడలో దూది వదులుగా పెట్టి సన్నని మంట మీద వేడిచేయండి. వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్‌లుగా విడిపోయి, చల్లని గోడ మీద మళ్లీ కలిసి తెల్లగా పేరుకుంటుంది. గరాటు వేడెక్కితే పేరుకోదు, బయట తడిగుడ్డ చుట్టండి. పొగ ఘాటు, గాలి ఆడేచోటే చేయాలి. పూర్తిగా చల్లారాకే గరాటు ఎత్తండి.