లేచిన ప్రాణమా, లేపిన ప్రాణమా?

సూర్యాపేట నుంచి:
మూడు రోజులుగా ఒకే వాక్యం నోట్లో నానుతోంది. మా తాత సంఘంలో తిరిగిన మనిషి, రష్యన్ రచయిత గోర్కీ నవల 'అమ్మ' ఆయనకు భారతంతో సమానం. పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని ఏ కథ చెప్పినా చివరికి "లేచిన ప్రాణాన్ని చంపలేరు" అని ముగించేవాడు. నాకు గుర్తున్నది అది. మా చిన్నాయన మాత్రం "లేచిన కాదు, లేపిన" అని పట్టుబడుతున్నాడు. పుస్తకం ఇంట్లోనే ఉంది, క్రొవ్విడి లింగరాజు గారి అనువాదం, కానీ చివరి ఆకులు చెదలు తినేశాయి. కథలోని తల్లి నీలోవ్న రైల్వే స్టేషన్‌లో పెట్టె తెరిచి కరపత్రాలు పంచే చోటికి వచ్చి ఆగిపోతుంది. ఇప్పటి ముద్రణలో ఏముందో నాకు అవసరం లేదు, మా తాత నోటి మాట ఏమై ఉంటుందో కావాలి. చి-నా, పి-నా?

నకిరేకల్ నుంచి:
చి. రష్యన్‌లో 'దూషు వస్‌క్రెస్షుయు నె ఉబ్యూత్' అని ఉంటుంది. వస్‌క్రెస్షుయు అంటే తానే లేచినది, ఇంకొకరు లేపినది కాదు. అకర్మకం. ఇందులో చర్చకు తావే లేదు.

మిర్యాలగూడ నుంచి:
తావుంది సార్. మీరు వ్యాకరణం చెప్పారు, మనిషి సంగతి చెప్పలేదు. నీలోవ్న మొదటి పేజీల్లో ఎట్లా ఉంటుందో గుర్తు చేసుకోండి. నలభై ఏళ్లకే వంగిపోయి, దేనికైనా తగులుతానేమో అన్నట్టు ఇంట్లో కూడా ఓ పక్కకు ఒదిగి నడిచే మనిషి. కుడి కనుబొమ్మ మీద మొగుడు కొట్టిన గాటు. అట్లాంటి మనిషి తనంతట తాను లేస్తుందా? కొడుకు పావెల్ పుస్తకాలు తెచ్చాడు, శనివారం సావాసగాళ్లను ఇంటికి పిలిచాడు, అప్పుడు కదా ఆమె తల ఎత్తింది. మీ తాతగారు మూలం చూసి చెప్పలేదు, కథ గుండెకు పట్టి చెప్పాడు. లేపిన అనే ఉంటాడు.

దేవరకొండ నుంచి:
పావెల్ లేపాడా? అన్నా, ఆ భాగం మళ్లీ చదవండి. మే డే నాడు జెండా నేనే పడతానని అతను చెప్పగానే తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే, మనిషిని బతకనివ్వని ప్రేమ కూడా ఒకటుంటుందని ముఖం మీదే అన్నాడు. ఆ మాటకు పావెల్‌ను గట్టిగా మందలించింది అతని స్నేహితుడు ఆంద్రేయి. నా లెక్కలో ఆమెను లేపినవాడు అతనే. మొదటిసారి ఇంటికి వచ్చిన రోజునే నుదుటి మీద గాటు చూసి ఎవరు కొట్టారమ్మా అని అడుగుతాడు. ఆమెకు కోపం వస్తుంది. నన్ను పెంచిన తల్లికి కూడా ఇట్లాంటిదే ఉండేది, ఆమె బట్టలు ఉతికేది, ఆమెతో కలిసి ఉన్న చెప్పులు కుట్టేవాడు కొట్టాడు అని చెప్తాడు. ఇరవై ఏళ్లు దాచుకున్న గాటు గురించి ఒక పరాయి పిల్లగాడు అట్లా అడగడం ఉంది చూశారా, నాకు ఆ నవల మొత్తం అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే పి. కానీ పావెల్ వల్ల కాదు.

నకిరేకల్ నుంచి:
అక్కా, ఆంద్రేయి గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ కొడుకు జైల్లో ఉన్నప్పుడు కరపత్రాలు ఫ్యాక్టరీలోకి ఎట్లా పోవాలని మిగతావాళ్లు తలలు పట్టుకుంటే "నాకియ్యండి" అన్నది ఎవరు? మరియా దగ్గర తిండి అమ్మే పనికి తానే చేరింది. పావెల్ లోపలున్నా కాగితాలు బయట తిరుగుతుంటే నేరం అతని మీద నిలవదన్న సంగతిని వెంటనే అందిపుచ్చుకున్నది కూడా ఆమే. ఇది లేపించుకున్న మనిషి చేసే పనేనా?

వనపర్తి నుంచి:
అందరూ ఒక పటాన్ని మరిచిపోతున్నారు. మొదట్లోనే పావెల్ ఒక పటం తెచ్చి గోడకు తగిలిస్తాడు, ముగ్గురు మనుషులు మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. తల్లికి ఏం చెప్తాడు? తిరిగి లేచిన క్రీస్తు ఎమ్మాయు అనే ఊరికి పోతున్నాడని. అక్కడ రష్యన్ మాట 'వస్‌క్రెస్షియ్'. చివర స్టేషన్‌లో పోలీసులు కొడుతుంటే తల్లి నోట వచ్చేదీ అదే మాట, స్త్రీలింగంలో. కొడుకు గోడకు తగిలించిన మాటను తల్లి తన ఒంటి మీద చెప్పుకుంటుంది. ఇది ఊరికే కుదిరింది కాదు. నీలోవ్న మొదటి నుంచి చివరిదాకా భక్తురాలే, వీళ్లు చేస్తున్నది క్రీస్తు పనేనని తనకు తాను నచ్చజెప్పుకున్నాకే నడిచింది. కాబట్టి లేచిన, లేపిన రెండూ చాలవు. 'పునరుత్థానం' కావాలి. ఈస్టర్ నాడు మా వీధి చర్చిలో వినపడే మాట అదే.

మిర్యాలగూడ నుంచి:
పటం సంగతి బాగుంది, నేను గమనించలేదు. కానీ సంఘంలో తిరిగిన తాత అరుగు మీద కూర్చుని పునరుత్థానం అంటాడా సార్?

కల్వకుర్తి నుంచి:
ఒక్క అక్షరం అంటే గుర్తొచ్చింది, దాశరథి "నా తెలంగాణ కోటి రత్నాల వీణ" పద్యానికి కూడా ఇదే గతి పట్టింది. గోడల మీద, బ్యానర్ల మీద అంతా "కోటి రతనాల వీణ" అని రాస్తున్నారు. అది తేటగీతి. నాతె, లంగాణ, కోటిర, త్నాల, వీణ. గలం, తగణం, రగణం, గలం, గలం, యతి, అంటే మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, నా-త్నా. రతనాల అన్నామా, మూడోది భగణమై నిలబడుతుంది కానీ నాలుగోది 'తనా' అని లగం అవుతుంది, యతి చోట 'త' వచ్చి కూర్చుంటుంది. మాత్రలు లెక్కేస్తే రత్నాల, రతనాల రెండూ ఐదే, అందుకే పాడేటప్పుడు ఎవరికీ తట్టదు. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో రాసేటప్పుడు కూడా గణం తప్పని కవి ఆయన. మనం ఫ్లెక్సీ మీద తప్పుతున్నాం.

నకిరేకల్ నుంచి:
అదే జైల్లో ఆయనతో ఉన్నది మా దగ్గరి చెరువు మాదారం బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి అంకితమిచ్చింది ఆయనకే. మన దగ్గర తిరుగుబాటు నవల అంటే గోర్కీతో పాటు ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' కూడా తలుచుకోవాలి. అందులోని నాయకుడు కంఠీరవం కూడా ఒకరు లేపితే లేచినవాడు కాదు.

దేవరకొండ నుంచి:
గణాల లెక్కకు దండం సార్, తప్పు పట్టను. కానీ నేను బడిలో పిల్లలతో రోజూ పాడిస్తాను. రత్నాల అంటే నాలుక ఆగుతుంది, రతనాల అంటే పారుతుంది. మా ఊళ్లో రత్నమ్మను కూడా రతనమ్మ అనే పిలుస్తారు. జనం నోట్లో పడ్డాక జనం దాన్ని తమ తీరుగా మలుచుకుంటారు.

కల్వకుర్తి నుంచి:
మలుచుకోవచ్చు అక్కా, పాటలో రతనాలే పాడించండి. పద్యం అని కింద దాశరథి పేరు రాసినప్పుడు మాత్రం రత్నాల అనే రాయాలి. ఆయన ఏ అక్షరం పెట్టాడో ఆ అక్షరం ఆయనకు ఇవ్వాలి కదా. బడిలో ఒకసారి 'నా', 'త్నా' దగ్గర చప్పట్లు కొట్టించండి, పిల్లలకు యతి వెంటనే తెలిసిపోతుంది.

దేవరకొండ నుంచి:
సోమవారం చేయిస్తాను.

సూర్యాపేట నుంచి:
దాశరథి దగ్గరికి పోయినందుకు సంతోషమే కానీ నా తాత వాక్యం ఎటో పోయింది. రాత్రి ఊళ్లో ఉన్న మా నాయనమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు తొంభై దాటినయి, మాట నిదానంగా వస్తుంది. "మీ తాత పానం అనలే బిడ్డా, అవ్వ అన్నడు. ఆ అవ్వను సంపలేరు అన్నడు" అని చెప్పింది. లేచిందా, లేపిందా అని రెండుసార్లు అడిగాను, ముందు మాట ఆమె నోట రాలేదు. ప్రాణం కాదని మాత్రం గట్టిగా చెప్పింది.

అచ్చంపేట నుంచి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇది విన్నాక ఆగలేకపోయాను. ఆంద్రేయి ఆమెను 'నెన్కో' అని పిలుస్తాడు, ఉక్రెయిన్ ఇంటి మాట, రష్యన్ కాదు. పుస్తకం పేరు అమ్మే, కానీ ఆ పిలుపుకు మన దగ్గర సరైన మాట అవ్వ. తాత దాన్ని ఎట్లా పట్టుకున్నాడో!

మిర్యాలగూడ నుంచి:
మా వైపు అవ్వ అంటే ముసలమ్మ అండీ. నీలోవ్నకు నలభై ఏళ్లు, అవ్వ ఎట్లా అవుతుంది?

అచ్చంపేట నుంచి:
అవ్వగారిల్లు అంటే ముసలమ్మ ఇల్లా అన్నా?