సూపర్‌హీరోల బొమ్మల్లో ఆడవాళ్ళకి వెన్నెముక వేరేగా ఉంటుందా?

నెల్లూరు_మావయ్య

నిన్న ఆదివారం మా మేనకోడలు ఒక పాత అమెరికన్ కామిక్ ముందు పెట్టుకుని బొమ్మలేసుకుంటోంది. పదకొండేళ్ళ పిల్ల. ఆ పేజీలో ఒక సూపర్‌హీరోయిన్ విలన్‌ని తన్నుతోంది. ఆమె ఛాతీ మనవైపే ఉంది, పిరుదులూ మనవైపే ఉన్నాయి. ముందూ వెనకా ఒకేసారి కనబడాలంటే నడుం దగ్గర తడిగుడ్డ పిండినట్టు తిరగాలి. పిల్ల అద్దం ముందు నిలబడి ఆ పోజు పెట్టబోయి మంచం మీద పడింది. లేచి, "మావయ్యా, ఈవిడకి ఎముకల్లేవా?" అంది. అదే పేజీలో మగ హీరో రెండు కాళ్ళూ నేలకి ఆనించి బుద్ధిగా గుద్దుతున్నాడు.

ఇది కామిక్స్‌లో మామూలుగా ఉండే అతిశయోక్తా, లేక ఆడవాళ్ళని గీసేటప్పుడు రూలు మారుతోందా? మారుతోందనే నేనంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

సుబ్బు_డల్లాస్

కాదంటాను. మగాళ్ళని మాత్రం సరిగ్గా గీస్తున్నారా? 1996లో రాబ్ లైఫెల్డ్ వేసిన కెప్టెన్ అమెరికా బొమ్మ చూడండి. ఛాతీకి బీరువా కట్టుకున్నట్టుంటాడు. మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలైతే కామిక్ హీరోది ఎనిమిదిన్నర, తొమ్మిది. హల్క్‌కి చొక్కా ఉండదు, సముద్రపు హీరో నేమర్ ఏళ్ళ తరబడి ఈత చెడ్డీతోనే తిరిగాడు. వాళ్ళని చూసి నాలాంటి ఐదడుగుల నాలుగంగుళాలవాడు కేసు పెట్టలేదే!

పెంచి చూపించడం ఈ కళ స్వభావం. అది ఇద్దరికీ ఉంది.

మేఘన_ఇంకింగ్

సుబ్బు గారూ, మీరే మంచి ఉదాహరణ ఇచ్చారు. ఆ కెప్టెన్ అమెరికా బొమ్మని జనం ఇప్పటికీ నవ్వుకోవడానికే షేర్ చేస్తారు. అనాటమీ రాలేదన్నారు, పరువు తీశారు. ఆ రోజుల్లోనే పేగులు పట్టడానికి చోటు లేనంత సన్నటి నడుములతో హీరోయిన్లు వచ్చారు. దాన్ని మాత్రం స్టైల్ అన్నారు. ఒకేరకం తప్పుకి రెండు పేర్లు.

నేను హైదరాబాద్‌లో ఉంటూ బయటి కామిక్స్‌కి ఇంకింగ్ చేస్తాను, అంటే వేరేవాళ్ళు పెన్సిల్‌తో గీసిన బొమ్మ మీద సిరాతో గీతలు వేస్తాను, ఎనిమిదేళ్ళయింది. పెన్సిల్ పేజీ రాగానే ముందు చూసేది బరువు ఏ కాలి మీద ఉందనేది. తన్ను బలం ఆనించిన పాదంలోంచి వచ్చి, తుంటి తిరిగి, అవతలి కాల్లోకి పోవాలి. మగ హీరో బొమ్మలో ఆ దారి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. హీరోయిన్ బొమ్మలో చాలాసార్లు నడుం దగ్గరే తెగిపోతుంది. ఆవిడ తన్నట్లేదు, తన్నుతున్నట్టు ఫొటోకి నిలబడింది. మా పనిలో దీన్ని నడుం విరిగిన పోజు అంటాం.

మగాడి కండ ఎంత పెద్దదైనా పరవాలేదు, అది కథలో పని చేస్తోంది. ఆవిడ ఒంపు ఏ పని చేస్తోంది?

2012 చివర్లో టంబ్లర్ అనే సైట్‌లో 'హాకై ఇనిషియేటివ్' అని ఒకటి నడిచింది. హీరోయిన్లకి ఇచ్చే పోజుల్లో విలుకాడు హాకైని పెట్టి గీయడమే ఆట. విల్లు పట్టుకుని పిరుదులు ఎత్తి, పెదాలు ముడిచి, భుజం మీదుగా వెనక్కి చూస్తుంటాడు పాపం. అందరూ నవ్వారు. రెండూ ఒకే అతిశయోక్తి అయితే ఎందుకు నవ్వొచ్చింది?

సుబ్బు_డల్లాస్

నవ్వు అలవాటు లేనిదాన్ని చూస్తే వస్తుందండీ, దాంతో ఏదీ రుజువు కాదు. 2014లో స్పైడర్ ఉమన్ మొదటి సంచికకి ఇటలీ చిత్రకారుడు మిలో మనారా వేసిన వేరియంట్ కవర్ గుర్తుందిగా? భవనం అంచున చేతులు ఆనించి వంగి ఉంటుంది, పిరుదులు పైకి. ప్రపంచం తలకిందులైనట్టు గోల చేశారు. అసలు కవర్ వేరే ఉంది, ఇది అదనం, కావలసినవాళ్ళే కొనుక్కుంటారు. పైగా స్పైడర్‌మాన్ 1962 నుంచీ అలాగే వంగి కూర్చుంటున్నాడు. వాడు కూర్చుంటే సాలీడు, ఆవిడ కూర్చుంటే బూతా?

మేఘన_ఇంకింగ్

స్పైడర్‌మాన్ కప్పలా కూర్చుంటాడు. మోకాళ్ళు బయటికి, తుంటి కిందికి, చూపు కింద వీధి మీద. దూకబోతున్నాడని తెలుస్తుంది. మనారా బొమ్మలో తుంటే అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. ఒంటికి రంగు పూసినట్టున్న బట్టలో ముడత కూడా సరిగ్గా కనబడదు.

నేను మనారాని తప్పు పట్టను. ఆయన శృంగార కామిక్స్‌కే పేరుబడ్డవాడు, పిలిస్తే తనకొచ్చిందే వేశాడు. కొత్తగా ఆడపిల్లల్ని పాఠకులుగా రాబట్టాలని ఒక పత్రిక మొదలుపెడుతూ, మొదటి సంచికకే ఆయన్ని పిలిచినవాళ్ళది తప్పు. పెళ్ళి భోజనానికి రమ్మని పిలిచి గుమ్మం దగ్గర మందు పోసినట్టు. మరుసటి ఏడాదే కథలోనే ఆవిడ బట్టలు మార్చారు. జాకెట్, జేబులు, కళ్ళద్దాలు వచ్చాయి, బైకు మీద తిరిగింది. దాంతో స్పైడర్ ఉమన్ చచ్చిపోలేదు కదా.

వరంగల్_వాసు

అమెరికా దాకా ఎందుకు, మా రామప్పకి రండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి మదనికల శిల్పాల నడుములు మీ స్పైడర్ ఉమన్‌ని తలదన్నుతాయి. ఒకావిడ కాలికి ఎత్తు మడమ చెప్పుల్లాంటివి కూడా ఉన్నాయి, గైడ్ ప్రత్యేకంగా చూపిస్తాడు. అది గొప్ప కళ అయినప్పుడు ఇది వివక్ష ఎలా అవుతుంది?

నెల్లూరు_మావయ్య

వాసు అన్నా, ఆ మదనికలు ఎవర్నీ తన్నట్లేదుగా! నాట్యం చేస్తూ, అలంకరించుకుంటూ ఉంటారు. ఆ ఒంపు నాట్యానిది. యుద్ధం చేసేటప్పుడూ అదే ఒంపు పెడితే కదా మా పిల్ల మంచం మీద పడింది.

పాతపుస్తకాల_బండి

కోఠీ నుంచి. బండి మీద పాత కామిక్స్ అమ్మీ కొనీ ముప్పై ఏళ్ళయింది నాకు. మీరంతా కుర్రాళ్ళు, ఇది కొత్త గొడవ అనుకుంటున్నారు. అమెరికాలో 1954లోనే కామిక్స్ కోడ్ అని పెట్టారు. అందులో ఒక నియమం: ఆడవాళ్ళని ఏ శరీర భాగాన్నీ పెంచి చూపకుండా సహజంగా గీయాలి. పుస్తకంలో రాసుకున్న రూలు సార్ ఇది. అంటే డెబ్బై ఏళ్ళ కిందటే ఈ తేడా కనబడిందన్నమాట. అలాగని నేను ఆ కోడ్‌కి జై కొట్టను. దాని దెబ్బకి మంచి భయానక కథల పత్రికలు మూతబడ్డాయి. నడుములు కూడా కొన్నాళ్ళు ఒద్దికగా ఉండి మళ్ళీ సన్నబడ్డాయి. 2011లో ఆఖరి ప్రచురణకర్తలు కూడా ఆ కోడ్‌ని వదిలేశారు. రూలుతో మారే రోగం కాదిది.

ఇంకో మాట. మనం 'బాపు బొమ్మ' అంటే ఎవరు? కళ్ళు పెద్దగా, జడ పొడుగ్గా ఉన్న అమ్మాయి. బుడుగుని గీసింది కూడా ఆ బాపు గారే. బుడుగుని ఎవరైనా బాపు బొమ్మ అన్నారా? అంటే చూసేవాడి కంటికే అలవాటు పడిపోయింది.

సుబ్బు_డల్లాస్

అందరూ ఒకవైపే చేరారు, సరే. బట్టల సంగతి చూడండి. 2011లో సూపర్‌మాన్ ఎర్ర చెడ్డీ తీసేస్తే అభిమానులు ఏడేళ్ళు సణిగారు. 2018లో మళ్ళీ తొడిగారు. అంటే అభిమానులకి ఏ మార్పూ నచ్చదు. ఆడా మగా తేడా లేదు అక్కడ.

మేఘన_ఇంకింగ్

వండర్ ఉమన్‌కి 2010లో ప్యాంటు వేసి ఏడాదికే తీసేశారు. ఆయనకి చెడ్డీ తిరిగి రావాలని అల్లరి, ఆవిడకి ప్యాంటు పోవాలని అల్లరి. తేడా లేదంటారా, మీ ఇష్టం. 2016లో ఐక్యరాజ్య సమితి ఆవిడని ఆడపిల్లల సాధికారతకి గౌరవ రాయబారిని చేస్తే, ఆ సంస్థ ఉద్యోగులే ఈ బట్టలేంటని అభ్యంతరం చెప్పారు. రెండు నెలల్లోపే ఆ హోదా ముగిసింది.

మరోపక్క కెరోల్ డాన్వర్స్ అనే హీరోయిన్ ఉంది. వృత్తికి వైమానిక దళ పైలట్. 1978లో ఆవిడకి నల్లటి ఈత దుస్తుల్లాంటివి తొడిగారు, చాలాకాలం అవే. 2012లో కెప్టెన్ మార్వెల్ అయ్యాక గానీ పైలట్ వేసుకునేలాంటి బట్ట రాలేదు. పైలట్‌కి పైలట్ బట్ట వేయాలన్న ఆలోచన అంత ఆలస్యంగా వచ్చింది!

కానీ నిజం చెప్పాలంటే నన్ను విసిగించేది బట్టలూ కాదు, నడుమూ కాదు. ముఖాలు. మగ ముఖాలకి ఇంక్ వేస్తుంటే చేతికి పని ఉంటుంది. ఒకడి ముక్కు విరిగి ఉంటుంది, ఒకడి గడ్డం చదరం, ఒకడికి కణతల దగ్గర నెరిసిన జుట్టు, ఒకడికి గాటు. ఆడ ముఖం దగ్గరికొచ్చేసరికి "లైన్లు తగ్గించండి, వయసు కనబడుతుంది" అని నోట్ వస్తుంది. పేరు చెప్పను గానీ, ఒక ప్రాజెక్టులో ఒక తల్లికీ కూతురికీ నేను వేసిన తేడా మొత్తం ఒక్క జుట్టు ముడి. ముక్కు అంటే రెండు చుక్కలు. అయిదుగురు హీరోయిన్ల జుట్టు మూసేస్తే ఎవరెవరో కన్నతల్లి కూడా చెప్పలేదు. నమ్మకపోతే సుబ్బు గారూ, మీ ఇంట్లో ఉన్న కామిక్స్‌తో మీరే చూసుకోండి.

వరంగల్_వాసు

ఇది మాత్రం ఒప్పుకోవాలి. మా మదనికల ముఖాలు కూడా నాకు ఒక్కలాగే కనబడతాయి. గైడ్‌కి ఈ సంగతి చెప్పొద్దు.

సుబ్బు_డల్లాస్

సరే, చేశాను. శనివారం రాత్రి, గరాజ్‌లో, మా ఆవిడ వింతగా చూస్తుండగా. ఆరుగురు మగవాళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు, ముసుగు లేని ముఖాలు మాత్రమే తీసుకుని, జుట్టూ బట్టా పసుపు రంగు స్టికీ కాగితాలతో మూసేశాను. ఏవి ఎవరివో మా పెద్దాడు కలిపేశాడు. మగవాళ్ళలో ఐదుగురిని గుర్తుపట్టాను. ఆడవాళ్ళలో ఇద్దరిని.

అయినా సరే, ఆ మనారా కవర్ మీద అంత గోల అనవసరమనే నా మాట. అది వేరే సంగతి.

మేఘన_ఇంకింగ్

ఆ ఇద్దరూ ఎవరండీ?

సుబ్బు_డల్లాస్

ఒకరు పచ్చరంగులో ఉంది, షీ హల్క్. ఇంకొకరు వండర్ ఉమన్. కిరీటం మీద కాగితం కొంచెం జారింది.

మేఘన_ఇంకింగ్

కిరీటం లెక్కలోకి రాదు. పచ్చరంగు కూడా.