సమస్యాపూరణం: "చెత్త యింట నున్న సిరులు గురియు"

వేళచ్చేరి (నిర్వహణ)

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీరు పై మూడు పాదాలు కట్టి పూరించాల్సిన ఆటవెలది నాలుగో పాదం:

*చెత్త యింట నున్న సిరులు గురియు*

2022 ఏప్రిల్‌లో మన చెన్నైలోని పెరుంగుడి చెత్తగుట్ట అంటుకున్నప్పుడు మా వీధిలో అందరం కిటికీలు మూసుకుని కూర్చున్నాం. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కినా ఆ పొగ వాసన దిండు గలీబులకు పట్టేసింది. మా ఇంటి సాంబారు మెతుకులు, అరటి తొక్కలు కూడా ఆ గుట్టలోనే ఉన్నాయి కదా అని ఆ రాత్రి మొదటిసారి తోచింది. తడిచెత్త పొరల కింద గాలాడక కుళ్ళితే మీథేన్ పుడుతుంది, అది ఇట్టే మండుతుంది. పక్కనే పళ్ళికరణై చిత్తడినేల, వలస పక్షులు దిగే చోటు.

అందుకని ఈసారి ఒక షరతు. పద్యంలో మీరు ఇంట్లో నిజంగా చేసే పని ఒకటి కనపడాలి. గణాలు, యతులు చూసినంత శ్రద్ధగా ఆ పనినీ చూస్తాం.

మాంబళం అత్తయ్య

*కూరతొక్క లాకు కుండలో మగ్గంగ*
*నల్లనైన యెరువు నాకు దొరికె*
*మొక్క పాదులోన ముద్దగా వేసితి*
*చెత్త యింట నున్న సిరులు గురియు*

వేళచ్చేరి

అత్తయ్యగారూ, యతులన్నీ కుదిరాయి (కూ–కుం, న–నా, మొ–ము). ధార బాగుంది. పని దగ్గర రెండు అభ్యంతరాలు.

మొదటిది: కుండలో తొక్కలు, పచ్చి ఆకులే ఉన్నాయి. వాటిలో నీళ్ళెక్కువ. వారంలో అడుగున నల్లటి ఊట దిగి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. నేను మొదటి కుండ అలాగే పాడుచేసి, పక్కింటివాళ్ళు అడిగేసరికి టెన్షన్ పడి మొత్తం పారబోశాను. తడిచెత్త వేసిన ప్రతిసారీ దానికి సమానంగానో, ఇంకొంచెం ఎక్కువగానో ఎండుటాకులో కొబ్బరిపీచో పడాలి. కుండకు చుట్టూ బెజ్జాలు ఉండాలి. గాలి తగిలితే వాన పడ్డ మట్టి వాసన, తగలకపోతే మురుగు వాసన, అంతే తేడా. పిడికిట్లో పిండితే చుక్క కారకూడదు, చెయ్యి మాత్రం చెమ్మగా ఉండాలి.

రెండోది: "ముద్దగా వేసితి". ఎరువు మొక్క మొదలుకు ఆనించి ముద్దగా పెడితే కాండం కుళ్ళుతుంది. ఇలా మార్చి చూడండి:

*ఎండుటాకు మీద నిన్ని తొక్కలు పేర్చ*
*నల్లనైన యెరువు నాకు దొరికె*
*మొక్క చుట్టుఁ జల్లి మునివేళ్ళఁ గలిపితి*
*చెత్త యింట నున్న సిరులు గురియు*

మాంబళం అత్తయ్య

"మునివేళ్ళఁ గలిపితి" నాకు చాలా నచ్చిందమ్మా. మా కుండ రెండున్నర నెలలు తీసుకుంది. మూత తీస్తే తొక్క ఏదో మట్టి ఏదో తెలియలేదు, గుడ్డుపెంకులు మాత్రం అలాగే తెల్లగా మెరుస్తున్నాయి. ఈసారి నలిపి వేస్తాను.

పెరంబూరు మాస్టారు

*దోమ లీగ లెలుక తోడుగా చేరును*
*వాస నెక్కు నింట వైద్యుఁ డొచ్చు*
*ఎవరు చెప్పిరయ్య యీ విధమ్ముగ నాకు*
*"చెత్త యింట నున్న సిరులు గురియు"?*

వేళచ్చేరి

మాస్టారూ, సమస్యను ఎవరో అన్న మాటగా మార్చి ప్రశ్నార్థకం చేయడం మన పెద్దలు ఎప్పటినుంచో వాడుతున్న దారి. పద్యంలో దోషం లేదు. "డొచ్చు" వ్యావహారికం, ఇక్కడ అభ్యంతరం లేదు. కానీ ఈ దారిలో ఏ సమస్యనైనా దాటేయవచ్చు, పని చేయనక్కర్లేదు. నా షరతు నిలబడలేదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను: మీరు చెప్పిన దోమలూ ఈగలూ అన్నీ కలిపి ఒకే కవర్లో మూటకట్టిన చెత్తకు అక్షరాలా నిజం. అన్నం మెతుకు అంటిన కాగితాన్ని పాతపేపర్లాయన తీసుకోడు.

అంబత్తూరు తమ్ముడు

*పాలకవరు కడిగి పక్క నారగఁ బెట్టి*
*పాత పేపరంత పైన పేర్చి*
*కాయలానుకడకుఁ గట్టి యంపిన నాడు*
*చెత్త యింట నున్న సిరులు గురియు*

(కాయలానుకడ అంటే మనవైపు పాత సామాన్ల కొట్టు. చెన్నైలో పుట్టినవాణ్ణి, నాకు ఈ మాటే వస్తుంది.)

పెరంబూరు మాస్టారు

తమ్ముడూ, పలుకుబడి మన ఊరిది, భేష్. అన్వయం మాత్రం చెదిరింది. అంపిన నాడు చెత్త ఇంట్లో లేదు కదా, మరి "ఇంట నున్న" ఎలా అవుతుంది? "అంపిన నాడు" తీసి "అంపెడు దాఁక" అనండి. గణాలు చెడవు, అర్థం నిలుస్తుంది. కొట్టుకు పంపేదాకా ఇంట్లోనే శుభ్రంగా ఉంచాలనే కదా మీరు చెప్పదలచింది.

వేళచ్చేరి

మాస్టారి సవరణ ప్రాణం పోసింది. మొదటి పాదంలోని "కడిగి" దగ్గర ఆగి చూడండి. పాలకవరులో మిగిలిన రెండు చుక్కలు మూడో రోజుకు పులిసి, పైన ఉన్న పేపరంతా పాడుచేస్తాయి. మా ఇంట్లో కవరు మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా ఊడిపోకుండా అంటిపెట్టుకుని ఉండేలా కోస్తాం. ఆ చిన్న ముక్కలు విడిగా పోతే ఏరేవాళ్ళకు దొరకవు, కాలువలోకి పోతాయి. కడగడానికి కొత్త నీళ్ళు వద్దు, బియ్యం కడిగిన నీళ్ళు చాలు.

విల్లివాక్కం కోడలు

మా పక్కింటి పాట్టి (అవ్వ) వాకిలి ఊడుస్తూ ఎండుటాకులను "సెత్తై" అంటుంది. తమిళంలో రాలిన ఆకూ పుల్లా అంతా సెత్తైయే. సమస్య చదవగానే ఆవిడ గొంతే వినిపించింది.

*రాలినట్టి యాకు రాశిగా నూడ్చితి*
*తమిళ మందు నదియె తలఁప "సెత్త"*
*ఎరువు కుండ చెంత నెపుడు నా సంచిలో*
*చెత్త యింట నున్న సిరులు గురియు*

పెరంబూరు మాస్టారు

"తలఁప" పాదపూరణానికి వచ్చిన మాట. ఐకారం తీసి "సెత్త" చేయడం ఛందస్సు కోసం. ఈ రెండూ క్షమిస్తాను. ఊహ కొత్తది.

వేళచ్చేరి

నేను క్షమించడం కాదు, దండం పెడుతున్నాను. అత్తయ్యగారి పద్యంలో నేను వెతికిన ఎండుటాకు ఈ అమ్మాయి పద్యంలో సంచితో సహా దొరికింది. రెండు భాషల మధ్య బతికేవాళ్ళకే తట్టే పూరణ ఇది. తెలుగువాడు చెత్త అని ఊడ్చి తగలబెట్టేదీ, కుండ పక్కన అన్నిటికంటే ముందు ఉండాల్సిందీ ఒకటే వస్తువు. వేపచెట్టున్న వీధుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో బస్తా నింపుకుంటే వానాకాలమంతా వస్తుంది. దయచేసి ఎవరూ ఆకులు తగలబెట్టకండి.

అడయారు (మా అమ్మాయి రాసింది, తొమ్మిదో తరగతి)

*పసుపు సంచి పట్టి బజారు కేఁగితి*
*కవరు రాని యింటఁ గలదె చెత్త*
*ఎట్టు లొప్పుకొందు నీ మాట గురువర్య*
*"చెత్త యింట నున్న సిరులు గురియు"?*

వేళచ్చేరి

తల్లీ, ముందు తప్పు చెబుతాను. మొదటి పాదంలో "బజారు" లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. అది ఆటవెలదికి కావలసిన సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు. ప–బ యతి సరిపోయింది కాబట్టి చెవికి పట్టుబడలేదు. "పసుపు సంచి పట్టి పై వీథి కేఁగితి" అంటే సరిపోతుంది.

ఇక మెచ్చుకోలు. ఇది మాస్టారు పట్టిన దారే, ప్రశ్నగా మార్చడం. కానీ నువ్వు చేసిన పని చెప్పి మరీ ప్రశ్నించావు. మేమంతా ఇంటికొచ్చిన చెత్తను ఏం చేయాలా అని పద్యాలు కడుతుంటే, అసలు రానివ్వడం ఎందుకని నువ్వు అడిగావు. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు పద్నాలుగింటిని 2019 జనవరి 1 నుంచి నిషేధించారు. 2021 డిసెంబరులో మంజప్పై (పసుపు సంచి) పథకం మొదలైంది. పెళ్ళిళ్ళలో కొబ్బరికాయ, తాంబూలం పెట్టి ఇచ్చే ఆ పసుపు సంచి మనందరి బీరువాల్లో పది ఉంటుంది. కష్టమల్లా బయల్దేరేటప్పుడు గుర్తుండటమే. మేము ఒకటి స్కూటర్ సీటు కింద, ఒకటి చెప్పుల స్టాండు మేకుకు పెట్టాం.

మాంబళం అత్తయ్య

పాపా, చేపలకు, పెరుగుకు స్టీలు డబ్బా కూడా తీసుకెళ్ళు. కొట్టువాళ్ళు మొదట రెండుసార్లు వింతగా చూస్తారు, మూడోసారి వాళ్ళే మూత తీసి అందుకుంటారు.

వేళచ్చేరి

ఈ వారం మొదటి స్థానం విల్లివాక్కం కోడలికి. అడయారు పాపకు నా తరఫున ఒక మట్టికుండ, బెజ్జాలు నేనే వేసి ఇస్తాను.

వచ్చే వారం నీళ్ళ మీద. 2019 జూన్ మరిచిపోయినవాళ్ళు మనలో ఉండరు. లారీ కోసం తెల్లవారుజామున బిందెలు వరసలో పెట్టాం, జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు వచ్చాయి. 1996 నుంచి మన కుళాయిల్లోకి వస్తున్న కృష్ణ నీళ్ళు కండలేరు జలాశయం నుంచి పూండి జలాశయం దాకా 150 కి.మీ.కు పైగా కాలువలో నడిచి వస్తాయి. ఆ నీటితో ఒక్కసారి చెయ్యి కడిగి వదిలేయడానికి నాకు మనసొప్పదు. సమస్య, ఆటవెలదిలోనే:

*బిందె యొకటె మూఁడు బిందె లయ్యె*

పూరణలు శుక్రవారం లోపు పంపండి. షరతు అదే.